రేడియాలజీ తీసుకుంటే పదేళ్ల తర్వాత పని ఉంటుందా?

కొత్తస్టెత్

అందరికీ నమస్కారం. ఇంకో రెండు నెలల్లో హౌస్ సర్జన్సీ అయిపోతుంది. పీజీలో ఏ బ్రాంచ్ అన్నది తేల్చుకోవాలి. నా మనసు రేడియాలజీ మీద ఉంది. ఇంట్లో మాత్రం అందరికీ భయం. "ఫోటో చూసి చెప్పే పనేగా, రేపు కంప్యూటరే చెప్పేస్తుంది" అంటున్నారు. మా సీనియర్లలో ఇద్దరు ఈ మాట నమ్మి వేరే బ్రాంచ్‌కి వెళ్లిపోయారు కూడా.

నాకెందుకు నచ్చిందో చెప్తాను. సర్జరీ పోస్టింగ్‌లో ఉండగా కడుపునొప్పితో ఒక కుర్రాడు వచ్చాడు. పొద్దుటి నుంచి గ్యాస్ అనుకుని మందులిస్తున్నాం. అల్ట్రాసౌండ్‌కి నేనే తీసుకెళ్లాను. అక్కడున్న మేడమ్ "నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించు బాబూ" అన్నారు. అతను చూపించిన చోటే ప్రోబ్ పెట్టి మెల్లగా నొక్కుతూ, స్క్రీన్ వదిలేసి అతని మొహం చూశారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. ఒక చివర మూసుకుపోయిన గొట్టం, ఎంత నొక్కినా అణగడం లేదు, అడ్డంగా కొలిస్తే 9 మిల్లీమీటర్లు. అపెండిక్స్ 6 దాటితే అనుమానించాలని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. కానీ కళ్లముందు చూడటం అదే మొదటిసారి. సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది.

అప్పటి నుంచీ ఇదే కావాలనిపిస్తోంది. ఫీల్డులో ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉద్యోగాలు ఎలా ఉన్నాయి, ఎటు పోతున్నాయి?

వ్యూబాక్స్

నేను ఈ బ్రాంచ్‌లోకి వచ్చి 28 ఏళ్లు. మీ ప్రశ్న ఇన్నేళ్లలో మూడుసార్లు విన్నాను. ప్రతిసారీ కారణం మాత్రం వేరు.

మొదటిసారి, ఫిల్ములు పోయి పాక్స్ (స్కాన్లని కంప్యూటర్లో దాచి చూపించే వ్యవస్థ) వచ్చినప్పుడు. అంతకుముందు తడి ఆరని ఫిల్ముని లోపల దీపం వెలిగే వ్యూబాక్స్‌కి తగిలించి చూసేవాళ్లం. పాత ఫిల్ము కావాలంటే రికార్డు రూముకి మనిషిని పంపాలి. దొరికితే అదృష్టం. సర్జన్, ఫిజీషియన్ అందరూ మా గదికే వచ్చేవారు. చిత్రం కంప్యూటర్లోకి వచ్చాక "వాళ్ల గదిలో వాళ్లే చూసుకుంటారు, ఇక మీ దగ్గరికి ఎవరొస్తారు" అన్నారు. రావడం నిజంగానే తగ్గింది. పని మాత్రం పెరిగింది.

రెండోసారి టెలీరేడియాలజీ. చిత్రాన్ని ఎక్కడికైనా పంపొచ్చు కాబట్టి చవకగా చదివే చోటికి ఉద్యోగాలన్నీ పోతాయన్నారు. రాత్రి రిపోర్టింగ్‌లో పెద్ద భాగం అలాగే వెళ్లింది. పగటి పని ఉన్నచోటే ఉంది.

మూడోసారి 2016. డీప్ లెర్నింగ్‌కి ఆద్యుల్లో ఒకరైన జెఫ్రీ హింటన్ టొరంటోలో ఒక సభలో మాట్లాడుతూ, రేడియాలజిస్టులకు ట్రైనింగ్ ఇవ్వడం ఇప్పుడే ఆపేయాలన్నారు. 5 ఏళ్లలో యంత్రం వీళ్లని మించిపోతుంది, మహా అయితే 10 ఏళ్లు పట్టొచ్చు అన్నారు. ఆ వీడియో చూసి మా దగ్గర చేరాల్సిన ఒక మంచి కుర్రాడు వెనక్కి తగ్గాడు. అతన్ని ఆపలేకపోయానే అన్న బాధ ఇప్పటికీ ఉంది. హింటన్‌కి 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆ తర్వాతి ఏడాది ఆయనే, అప్పుడు మరీ అందరినీ కలిపి చెప్పేశాను, చిత్రాన్ని విశ్లేషించడం వరకే నా ఉద్దేశం అని సర్దుకున్నారు.

ఈలోపు జరిగిందేమిటి? బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ 2023కి తీసిన లెక్కలో, కావలసిన క్లినికల్ రేడియాలజిస్టుల్లో 30 శాతం మంది లేరు. ఇలాగే సాగితే 2028కి అది 40 శాతం అవుతుందని వాళ్ల అంచనా. మనుషులు చాలక స్కాన్ రిపోర్టులు వారాల తరబడి ఆగుతున్నాయి.

ఇంకో మాట. ఈ మార్కెట్ అలల్లా నడుస్తుంది. అమెరికాలో 2012, 13, 14 ప్రాంతంలో రెసిడెన్సీ (పీజీ శిక్షణ), ఫెలోషిప్ (ఆ తర్వాత ఒక విభాగంలో ప్రత్యేక శిక్షణ) అన్నీ పూర్తి చేసినవాళ్లకి కూడా కోరుకున్న ఊళ్లో ఉద్యోగం దొరకలేదు. 2008 మాంద్యంలో పొదుపు కరిగిపోయిన సీనియర్లు రిటైర్ కాకుండా ఆగిపోవడం అందుకు ఒక కారణం. అది చూసి విద్యార్థులు ఈ బ్రాంచ్‌కి దూరమయ్యారు. తర్వాత కొరత. చేరిన రోజుకీ ఉద్యోగంలో కూర్చునే రోజుకీ మధ్య 5, 6 ఏళ్లు ఉంటాయి. ఇవాళ్టి ధర చూసి విత్తనం వేస్తే పంట చేతికొచ్చేసరికి ధర వేరేగా ఉంటుంది.

అల్గోరితం_వైపు

నేను డాక్టర్ని కాను. మెడికల్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ మీద 9 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తాను.

అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అనుమతించిన ఏఐ వైద్య పరికరాల జాబితా 2024 చివరికి వెయ్యి దాటింది. ప్రతి నాలుగింటిలో దాదాపు మూడు రేడియాలజీవే. బయటివాళ్లకి ఈ అంకె వినగానే ఇక పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఒక్కొక్కటీ ఏం చేస్తుందో చూడండి. ఒకటి తలలో రక్తస్రావం ఉందేమో చూస్తుంది. ఒకటి ఊపిరితిత్తుల్లో నాడ్యూల్ (చిన్న ముద్ద) వెతుకుతుంది. ఇంకొకటి పిల్లల చేతి ఎక్స్‌రే చూసి ఎముక వయసు చెప్తుంది. అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబు. ఛాతీ సీటీ చదివే మనిషి ఊపిరితిత్తులతో ఆగడు. రక్తనాళాలు, పక్కటెముకలు, పైన థైరాయిడ్ అంచు, కింద కనిపించే అడ్రినల్ గ్రంథి దాకా అన్నీ చూస్తాడు. ఎవరూ అడగని జబ్బు అక్కడే బయటపడుతుంది.

రెండోది, చోటు మారితే పనితీరు మారడం. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో న్యుమోనియా పట్టే మోడల్‌ని తాను నేర్చుకున్న ఆసుపత్రుల బయట పెడితే చాలా పోలికల్లో తడబడింది. ఎందుకని తవ్వి చూస్తే, ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో అది దాదాపు తప్పు లేకుండా పసిగడుతోంది. న్యుమోనియా ఎక్కువగా ఉన్న ఆసుపత్రి ఏదో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే కదా. మా టీములో ఇది చదివిన రోజు అందరం పని ఆపి మా డేటా మళ్లీ తిరగేశాం. మా దాంట్లోనూ ఇలాంటిదే ఒకటి దొరికింది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలలో జబ్బు ఎక్కువ. ఎందుకంటే లేవలేని పేషెంట్లకే అలా తీస్తారు. మోడల్ జబ్బుని వదిలేసి మంచాన్ని నేర్చుకుంది.

అయినా ధీమాగా ఉండమని మాత్రం చెప్పను. ఇప్పుడు రిపోర్టు ముసాయిదా మొత్తం రాసిపెట్టే మోడళ్లు వస్తున్నాయి. 2016తో పోలిస్తే ఇవి వేరే తరం.

మామో_గది

అల్గోరితం గారు చెప్పిన చివరి మాట మా గదిలో ఇప్పటికే నిజమవుతోంది.

బ్రెస్ట్ స్క్రీనింగ్‌లో యంత్రం రావడం ఇది రెండోసారి. మొదటిసారి 1998లో, క్యాడ్ పేరుతో. అనుమానం ఉన్నచోట స్క్రీన్ మీద గుర్తులు పెట్టేది. ఎంతో గొప్పగా చెప్పారు, అన్నిచోట్లా కొన్నారు. 2007లో పెద్ద అధ్యయనం వచ్చింది. క్యాడ్ పెట్టినచోట బయాప్సీలు దాదాపు 20 శాతం పెరిగాయి, చదవడంలో కచ్చితత్వం తగ్గింది. ఒక్కొక్క అనవసరపు బయాప్సీ వెనక వారం రోజులు నిద్ర లేకుండా గడిపిన ఒక ఆడమనిషి ఉంటుంది. ఆ సంగతి పట్టికల్లో కనిపించదు.

రెండోసారి కథ వేరుగా ఉంది. స్వీడన్‌లో మసాయి అనే ట్రయల్ చేశారు. 80 వేల మందికి పైగా మహిళలు. మామూలుగా అక్కడ ఒక్కో మామోగ్రామ్‌ని (రొమ్ము ఎక్స్‌రేని) ఇద్దరు రేడియాలజిస్టులు చదువుతారు. ట్రయల్లో ఏఐ ముందు చూసి, ప్రమాదం తక్కువ అనుకున్నవాటిని ఒకరికి, ఎక్కువ అనుకున్నవాటిని ఇద్దరికి పంపింది. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం చదివే భారం 44 శాతం తగ్గింది. క్యాన్సర్లు పట్టుకోవడం తగ్గలేదు. పాత పద్ధతిలో వెయ్యికి 5, కొత్త పద్ధతిలో 6.

దీన్ని చూసి మా జూనియర్ ఒకామె "మేడమ్, మనలో సగం మంది ఇంటికేనా?" అని అడిగింది. చదవడంలో మిగిలిన సమయం ఎక్కడికి పోతుందో నా రోజు చూస్తే తెలుస్తుంది. పొద్దున రీకాల్ క్లినిక్. మళ్లీ పిలిచినవాళ్లకి అల్ట్రాసౌండ్ నేనే చేయాలి, సూది నేనే పెట్టాలి, రిజల్ట్ వచ్చాక ఎదురుగా కూర్చుని చెప్పాల్సిందీ నేనే. మొన్న ఒకామెకి చెప్పాను. ఆమె మొదట అడిగింది తన గురించి కాదు, "మా అమ్మాయి కూడా చూపించుకోవాలా?" అని. ఇరవై నిమిషాలు ఆ ఒక్క ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం. ఆ తర్వాతే తన సంగతి.

కొత్తస్టెత్ అమ్మాయో అబ్బాయో నాకు తెలియదు. అమ్మాయి అయితే ఒక మాట. చాలా దేశాల్లో మెడికల్ కాలేజీలో చేరేవాళ్లలో సగం మంది ఆడపిల్లలే. రేడియాలజీలో మాత్రం మన వాటా అంతకంటే బాగా తక్కువ. అమెరికాలో అయితే పావు వంతు దరిదాపుల్లోనే ఉంది. రేడియేషన్ భయం ఒక కారణం. సరైన జాగ్రత్తలతో గర్భిణులు కూడా పనిచేయొచ్చు, డోస్ కొలిచే బ్యాడ్జ్ ఉంటుంది, నేను ఇద్దరు పిల్లల్ని మోస్తూ పనిచేశాను. ఇంటి నుంచి రిపోర్టింగ్, తక్కువ గంటల ఉద్యోగం ఈ బ్రాంచ్‌లో దొరికినంత సులువుగా వేరేచోట దొరకవు.

రాత్రివర్క్‌లిస్ట్

పైన అందరూ ఉద్యోగం ఉంటుందా అనే మాట్లాడుతున్నారు. ఉంటుంది. ఎలాంటి ఉద్యోగం ఉంటుంది అన్నది నా బాధ.

నేను ఆరేళ్లుగా టెలీరేడియాలజీ. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఇంట్లోనే రెండు మానిటర్ల ముందు. వర్క్‌లిస్ట్ (చదవాల్సిన స్కాన్ల జాబితా) ఖాళీ అవడం నేను చూడలేదు. నాలుగు రిపోర్టులు పంపేలోపు ఏడు కొత్తవి వస్తాయి. అర్జెంట్ స్కాన్ పక్కన టైమర్ తిరుగుతూ ఉంటుంది, గడువు దగ్గరపడితే ఎర్రబడుతుంది. జీతం స్కాన్ లెక్కన. ఒక స్కాన్ మీద పది నిమిషాలు ఎక్కువ గడిపితే ఆ పది నిమిషాలకి డబ్బు లేదు.

ఒక రాత్రి మూడింటికి యాక్సిడెంట్ కేసు సీటీ. ప్లీహం చీలి ఉంది, చుట్టూ రక్తం. వెంటనే ఫోన్ చేసి చెప్పాను, రిపోర్టు పంపాను, తర్వాతి స్కాన్‌కి వెళ్లిపోయాను. పేగుల మడతల మధ్య మూడు కోణాల ఆకారంలో చిన్న నీటి మడుగు ఉంది. అది చూడలేదు. పేగు దెబ్బతిన్నదనడానికి అది గుర్తు. మర్నాడు పేషెంట్ పరిస్థితి దిగజారింది. సర్జన్ పొట్ట తెరిస్తే పేగుకి చిల్లు. మనిషి బతికాడు. నాకు మెయిల్ వచ్చాక ఆ స్కాన్ మళ్లీ తెరిచాను. 4 సెకన్లలో కనిపించింది. పెద్ద దెబ్బ దొరకగానే వెతుకులాట ఆగిపోతుందని మనందరం చదువుకున్నదే. చదివినా ఆగిపోయింది.

నేను పనిచేసే సంస్థ పెద్దలతో మాట్లాడాను. రాత్రి ఇన్ని స్కాన్ల మీద నాకు నమ్మకం లేదు, పరిమితి పెట్టండి అన్నాను. "మీ సగటు సమయం టీములో అందరికంటే ఎక్కువ" అని జవాబు వచ్చింది. అదీ సంగతి. మనిషి తక్కువ, స్కాన్లు ఎక్కువ అయినప్పుడు ఉద్యోగం దొరుకుతుంది. చూడటానికి సమయమే దొరకదు.

పొదుపులెక్క

రాత్రివర్క్‌లిస్ట్ గారి మాట బాగా తగిలింది. నేను ఆసుపత్రి నిర్వహణలో ఉన్నాను, కాబట్టి అటువైపు లెక్క ఎలా వేస్తారో తెలుసు.

ఏఐ కొనమని వచ్చేవాళ్లందరూ ఒకే వాక్యం చెప్తారు: మీ రేడియాలజిస్టు రోజుకి ఇంకా ఎక్కువ స్కాన్లు చదవగలడు. స్కాన్ తొందరగా, చవకగా అయ్యేకొద్దీ డాక్టర్లు ఇంకా ఎక్కువ స్కాన్లు రాస్తారు. 1865లోనే జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు విషయంలో ఇది గమనించాడు. ఆవిరి యంత్రం తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బ్రిటన్‌లో బొగ్గు వాడకం పెరిగింది. అందుకే ఉద్యోగాలు పోతాయని నేననుకోను. కానీ మిగిలిన సమయం డాక్టర్‌కి విశ్రాంతిగా వస్తుందని కూడా అనుకోవద్దు. అది వర్క్‌లిస్ట్‌లోకే పోతుంది.

ఇంకొకటి. కొరత ఉన్నప్పుడు జీతాలు పెరుగుతాయి. జీతాలు పెరిగితే ఎక్స్‌రేల్లాంటి సులువైనవి రేడియాలజిస్టు లేకుండా చేయాలన్న ఒత్తిడి పెరుగుతుంది. కొన్ని దేశాల్లో శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు ఇప్పటికే ఎక్స్‌రేలు రిపోర్టు చేస్తున్నారు. ఆ పక్కన ఏఐ కూర్చుంటుంది. మామూలు ఎక్స్‌రే రిపోర్టింగ్ మీదే బతుకు అనుకుంటే నేనైతే పునరాలోచించమంటాను.

వ్యూబాక్స్

పొదుపులెక్క గారు చెప్పినదానికి ఒక పాత అనుభవం కలుపుతాను. మా దగ్గర నలుగురు టైపిస్టులు ఉండేవారు. మేం టేపులో మాట్లాడితే వాళ్లు టైపు చేసేవారు. ఒకావిడ ఎంత నేర్చుకుందంటే, నేను పొరపాటున కుడికి బదులు ఎడమ అంటే గదికొచ్చి "సార్, పైన కుడి అన్నారు, కింద ఎడమ అన్నారు, ఏది ఉంచమంటారు?" అని అడిగేది. వాయిస్ రికగ్నిషన్ వచ్చింది. నలుగురూ వెళ్లిపోయారు. వాళ్ల పని పోయిందా? పోలేదు, మా మీద పడింది. అక్షరాలు దిద్దుకునేది ఇప్పుడు మేమే. కుడి ఎడమలు చూసేవాళ్లు లేరు.

యంత్రం ఒక వృత్తి మొత్తాన్ని ఒక్కసారిగా ఎత్తుకుపోవడం నేను చూడలేదు. పక్కవాడి పని తీసుకుపోయి, అందులో మిగిలిన ముక్కల్ని మన ఒళ్లో పోసి వెళ్తుంది. ఏఐ ముసాయిదాలు వచ్చాక కూడా ఇదే జరుగుతుందని నా అనుమానం. చదవడం తగ్గి, యంత్రం రాసింది నిజమో కాదో సరిచూడటం పెరుగుతుంది. సరిచూడటం చదవడం కంటే తేలిక అని ఎవరైనా అంటే, వాళ్లు రోజంతా ఆ పని చేసి చూడాలి.

టెక్_కోట్

నేను సీటీ టెక్నీషియన్ని. డాక్టర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

పదేళ్ల కిందట మా రేడియాలజిస్ట్ సార్ రోజుకి నాలుగైదుసార్లు కన్సోల్ దగ్గరికి వచ్చేవారు. "ఈ పేషెంట్‌కి కిడ్నీ బాగాలేదు, కాంట్రాస్ట్ మందు వద్దు", "ఇంకో ఫేజ్ తియ్యి, లివర్లో ఏదో ఉంది" అని చెప్పేవారు. ఇప్పుడు రిపోర్టింగ్ అంతా బయటి నుంచి. అనుమానం వస్తే అడగడానికి ఫోన్ నంబర్ ఉంది, ఎత్తే టైము వాళ్లకి లేదు. పేషెంట్ బల్ల మీద ఉండగా తీసుకోవాల్సిన నిర్ణయాలు ఉంటాయి. రిపోర్టు చదివే మనిషి ఉన్నాడా లేడా అన్నదే కాదు, దగ్గర్లో ఉన్నాడా అన్నది కూడా అడగండి. ఉన్నచోట మా పని కూడా బాగుంటుంది.

పంక్చర్‌సైట్

ఇంటర్వెన్షనల్ (చిత్రం చూస్తూ సూది, గొట్టాలతో చికిత్స చేసే రేడియాలజీ) గురించి ఎవరూ ఎత్తలేదేంటి? నేను చెప్తాను.

1964 జనవరి 16న పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, కాలు తీసేయడం తప్ప దారి లేదన్న 82 ఏళ్ల ముసలావిడకి తొడ రక్తనాళం లోపలి నుంచే వెడల్పు చేశారు. ఆవిడ కాలు నిలబడింది. మా బ్రాంచ్ అక్కడ మొదలైంది. ఇప్పుడు రక్తస్రావం ఆపడం, లివర్ గడ్డలకి నేరుగా మందు పంపడం, చీముకి గొట్టం పెట్టడం, అన్నీ చిన్న సూది రంధ్రం గుండా. 2015లో వరసగా వచ్చిన ట్రయల్స్ పక్షవాతం వైద్యాన్ని మార్చేశాయి. మెదడులోని పెద్ద రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డని క్యాథెటర్‌తో లాగేస్తే ఫలితం బాగుంటుందని తేలింది. అప్పటి నుంచి ఈ పని తెలిసినవాళ్ల కోసం ఆసుపత్రులు వెతుకుతున్నాయి. 24 గంటలూ మనిషి కావాలి కదా.

పోయిన నెల తెల్లవారుజామున నాలుగింటికి ఒక స్కూల్ మాస్టారిని తెచ్చారు. కుడి చెయ్యి కదలదు, మాట లేదు. గడ్డ బయటికి వచ్చాక ఇంకా టేబుల్ మీద ఉండగానే వేళ్లు కదిపారు. తర్వాత నర్సుని చూసి మంచినీళ్లు అడిగారు. స్పష్టంగా, పూర్తి వాక్యంలో. ఆ వాక్యం విన్నాక ఇంటికెళ్లి పడుకోవాలనిపించలేదు.

కష్టం కూడా చెప్పాలి. సీసం ఏప్రాన్ బరువుకి నడుము పోతుంది. నాకు 41 ఏళ్లు, మెడ డిస్క్ సమస్య ఉంది. ఆన్‌కాల్ రాత్రుల్లో ఫోన్ దిండు కిందే. ఇంటి నుంచి పని అన్న మాట మర్చిపోవాలి. కానీ ఏఐ నా ఉద్యోగం తీసుకుంటుందని ఒక్క రోజు కూడా టెన్షన్ పడలేదు. స్ట్రోక్ సీటీలో అడ్డు ఉందని ముందే పట్టి నా ఫోన్‌కి అలర్ట్ పంపేది అదే. దానివల్ల టీమ్ తొందరగా చేరుతుంది.

కొత్తస్టెత్

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. చదువుతూ నోట్సు రాసుకున్నాను. మామో_గది మేడమ్, నేను అమ్మాయినే. రేడియేషన్ మాట మా అత్త కూడా ఎత్తింది, మీ జవాబు ఆవిడకి చదివి వినిపించాను.

రాత్రివర్క్‌లిస్ట్ గారూ, మీరు రాసింది చదివాక భయం వేసింది. నేను నెమ్మదిగా పనిచేసే మనిషిని. ఎవరైనా తొందరపెడితే తప్పులు చేస్తాను. అలాంటిదాన్ని ఇందులో నెగ్గుకురాగలనా?

రాత్రివర్క్‌లిస్ట్

అమ్మా, నెమ్మది అన్నది లోపం అనుకోవద్దు. 2015లో ఒక పెద్ద ఆసుపత్రి సమూహం తన పదేళ్ల లెక్కలు వేసి చూసింది. సీటీ, ఎమ్మారై చదివే రేడియాలజిస్టు 8 గంటల డ్యూటీలో 3, 4 సెకన్లకి ఒక చిత్రం చొప్పున చూడాల్సి వస్తోందని తేలింది. ఆ వేగానికి ఏ కన్నూ పుట్టలేదు. 2013లో ఇంకో ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల సీటీలో అగ్గిపెట్టెంత గొరిల్లా బొమ్మ పెట్టి, నాడ్యూల్స్ వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. 20 మందికి గొరిల్లా కనిపించలేదు. వాళ్లు అనుభవం లేనివాళ్లు కారు. ఒకదాని కోసం వెతికేటప్పుడు ఇంకొకటి కళ్లముందున్నా కనిపించదు, అంతే. నీకు తప్పు చేస్తానన్న భయం ఉంది. ఆ భయం లేనివాళ్లతోనే నాకు ఇబ్బంది.

నేను ఆ సంస్థ వదిలేస్తున్నాను. వచ్చే నెల నుంచి షిఫ్ట్ జీతం ఉన్న చోట చేరుతున్నాను. డబ్బు తక్కువ.

మూడోఏడాది

ఫెలోషిప్ అయి రెండేళ్లు, ఈ మధ్యే ఉద్యోగం వెతికాను కాబట్టి గుర్తున్నంత వరకు రాస్తాను.

ఇంటర్వ్యూలో జీతం ఎవరైనా చెప్తారు. షిఫ్టుకి ఎన్ని స్కాన్లు అని అడిగితే చాలామంది "అది రోజుని బట్టి" అంటారు. అప్పుడు పోయిన నెల సగటు అడగండి. తప్పుల మీద మీటింగ్ ఎంత తరచుగా జరుగుతుంది, అందులో పేర్లు చదువుతారా, కేసు మాత్రమే చూస్తారా అని అడగండి. నేను చేరిన చోట ఈ ఒక్క జవాబు విని సంతకం పెట్టాను. నెలకోసారి, పేర్లు లేకుండా, సీనియర్ తన కేసుతోనే మొదలుపెడతారు. ఏఐ ఉంటే, అది చెప్పినదాన్ని మీరు కాదంటే ఆ సంగతి ఎక్కడ నమోదవుతుంది, రేపు కోర్టు కేసు పడితే ఎవరి మీద పడుతుంది అన్నది కూడా. ప్రస్తుతానికి సంతకం పెట్టినవాళ్ల మీదే పడుతుంది. పాత స్కాన్లు, పేషెంట్ వివరాలు స్క్రీన్ మీదకి వస్తాయా, లేక "కడుపునొప్పి" అన్న ఒక్క ముక్కతో చదవాలా? దీన్ని ఎవరూ అడగరు. నా దృష్టిలో జీతం తర్వాత ఇదే.

ఫెలోషిప్‌ల సంగతికొస్తే, పిల్లల రేడియాలజీకి చాలాచోట్ల మనుషులు దొరకడం లేదు. బ్రెస్ట్‌కి కూడా. న్యూరో (మెదడు, నరాలు), మస్క్యులోస్కెలెటల్ (ఎముకలు, కండరాలు) వైపు ఎక్కువమంది వెళ్తున్నారు. కానీ పిల్లలంటే ఇష్టం లేకుండా ఖాళీలు ఉన్నాయని పీడియాట్రిక్ తీసుకోవద్దు. ఏడ్చే పసివాడికి అల్ట్రాసౌండ్ చేయాలంటే ఓపిక లోపలి నుంచి రావాలి.

కత్తిచేయి

జనరల్ సర్జన్ని, క్లుప్తంగా చెప్తాను. మా దగ్గర ఆరుగురు రేడియాలజిస్టులు. క్లిష్టమైన కేసు వస్తే నేను ఫోన్ చేసేది ఒకరికే. ఆయన రిపోర్టులో "పేషెంట్ లక్షణాలతో పోల్చి చూసుకోవలెను" అని రాసి వదిలేయడు. నాకు ఫోన్ చేసి "ఎడమ వైపు నుంచి వెళ్లు, యురేటర్ మామూలు చోట లేదు" అంటాడు (యురేటర్ అంటే కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం). ఆపరేషన్ అయ్యాక ఏం దొరికిందో అడుగుతాడు. ఎప్పుడో ఒకసారి తాను చెప్పింది తప్పయితే, ఆ కేసు మళ్లీ తెరిచి నాతో కూర్చుంటాడు. ఆయన సెలవు పెట్టిన రోజు నేను కష్టమైన ఆపరేషన్లు వాయిదా వేసిన సందర్భాలు ఉన్నాయి.

కొత్తస్టెత్

నిన్న రాత్రి అమ్మానాన్నలతో కూర్చుని ఈ చర్చంతా చదివాం. నాన్న మాస్టారు మంచినీళ్లు అడిగిన చోట ఆగిపోయి, మళ్లీ చదవమన్నారు. అమ్మ మాత్రం వేగం గురించే అడిగింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. రేడియాలజీయే మొదటి ఆప్షన్‌గా పెడుతున్నాను. చేరాక బ్రెస్టా, ఇంటర్వెన్షనలా అన్నది అప్పుడు చూస్తాను. సులువైన ఎక్స్‌రేల మీద మాత్రం ఆధారపడను, పొదుపులెక్క గారు.

అల్ట్రాసౌండ్ మేడమ్‌ని అడిగాను, వచ్చే వారం వాళ్ల రిపోర్టింగ్ రూములో సాయంత్రాలు కూర్చోవచ్చన్నారు. ఏదైనా పుస్తకం చదువుకుని వెళ్లాలా?

వ్యూబాక్స్

పుస్తకం తర్వాత చూసుకోవచ్చమ్మా. మొదటి వారం స్కాన్ తెరిచిన వెంటనే రిపోర్టు చూడకు. నీకేం కనిపించిందో కాగితం మీద రాసుకో, ఒక్క వాక్యమైనా సరే. తర్వాత అదే పేషెంట్ పాత స్కాన్ ఉందేమో వెతికి పక్కన పెట్టి చూడు. ఆ తర్వాతే మేడమ్ రిపోర్టు తెరువు. తేడా వచ్చిన చోట ఆవిడని అడుగు, ఖాళీగా ఉన్నప్పుడు. వారం అయ్యాక ఆ కాగితాలు పారేయకుండా ఇక్కడికొచ్చి ఏం తప్పిపోయావో రాయి. నేను చూస్తాను.

మామో_గది

నేను కూడా.